ఎసరు ముందు, బియ్యం తర్వాత

2025 సెప్టెంబరు 15 రాత్రి పదకొండు దాటింది. ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో బస్టాండు పక్కన మా గదిలో కరెంటు అప్పటికే రెండుసార్లు పోయి వచ్చింది. ఇన్వర్టరు మీద ఎర్రలైటు వెలిగింది. బెంచీ మీద రిటర్న్ వేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు పార్టీలు నిద్ర ఆపుకుంటూ కూర్చున్నారు. కంప్యూటరు తెర మీద ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది. టేబుల్ మీద ఫోను స్పీకర్‌లో పెట్టి ఉంది. అవతల రాయగడలో మా మాస్టారు, పార్వతీపురంలో నన్ను అక్కా అని పిలిచే తమ్ముడి వరస కుర్రాడు, జయపురంలో ఒక ఒడియా మిత్రుడు. నలుగురి ముందూ అదే చక్రం.

"కృష్ణుడు వదిలిన సుదర్శనం కూడా పని అయ్యాక వెనక్కి వచ్చేసేదర్రా. దీన్ని వెనక్కి పిలిచే నాథుడే లేడా?" అన్నారు మాస్టారు.

నలుగురం ఒక్కసారిగా నవ్వాం. బెంచీ మీద ఉన్నవాళ్లకు తెలుగు సగమే వచ్చు. మేం నవ్వడం చూసి వాళ్ల ముఖాల్లోనూ బెదురు తగ్గింది. ఆడిటరమ్మ నవ్వుతోందంటే పని పాడవలేదన్నమాట అనుకున్నారు. అర్ధరాత్రికి కాస్త ముందు కబురు వచ్చింది. గడువు ఇంకొక్క రోజు పెంచారు, 16 దాకా. పన్నెండు నుంచి రెండున్నర వరకు పోర్టల్‌లో మార్పుల పని. పార్టీలను ఇంటికి పంపేసి, కుర్చీలోనే తల వాల్చాను.

ఈసారి రిటర్నుల సీజన్ అసలు జులై 31కే ముగియాలి. ఫారాలు మారడం, అవి ఆలస్యంగా రావడం వల్ల మే 27నే సెప్టెంబరు 15 దాకా పొడిగించారు. ఆ 15వ తేదీకి దేశం మొత్తం మీద 7.3 కోట్లకు పైగా రిటర్నులు దాఖలయ్యాయని ఆదాయపన్ను శాఖ ప్రకటించింది. అందులో మా నలుగురి చేతుల మీదుగా వెళ్లినవి కొన్ని వందలు. ఆ కొన్ని వందల్లో తప్పులు తగ్గాయంటే కారణం మాలో ఎవరి తెలివీ కాదు. రోజూ రాత్రి పదింటికి మోగిన ఆ ఫోనే కారణం. ఆ ఫోను గురించే ఈ నాలుగు మాటలు.

మాది పార్వతీపురం వైపు కుటుంబం. నాన్న జేకేపూర్ కాగితం మిల్లులో పనికి వచ్చి రాయగడలో స్థిరపడ్డారు. ఇక్కడ తెలుగు వినిపించడం వింతేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా రాయగడ చుట్టుపక్కల కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. తర్వాత కొరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న దాని నుంచి రాయగడ విడిపోయింది. గీతలు మారాయి గానీ రాయగడ బజారులో బేరాలు ఇప్పటికీ తెలుగులో, ఒడియాలో కలిసే నడుస్తాయి. మా మాస్టారి దగ్గర గుమాస్తాగా చేరినప్పుడు చిట్టా, ఆవర్జా ఆయన తెలుగులోనే నేర్పారు. పెళ్లయ్యాక కాశీపూర్ వచ్చి ఈ గది తీసుకున్నాను. రాయగడ నుంచి ఘాటు రోడ్డు మీద బస్సులో రెండు గంటల పైనే.

నా దగ్గరకు వచ్చే పార్టీలు నాలుగు రకాలు. బడి మాస్టార్లు, ఇతర ప్రభుత్వ ఉద్యోగులు. టికిరి వైపు అల్యూమినా ఫ్యాక్టరీలో, దాని కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లు. చింతపండు, పసుపు, అల్లం, వలిసెలు కొని అమ్మే వ్యాపారులు. చివరగా, భూమి పోయి, ఆ డబ్బు బ్యాంకులో ఉన్న ముసలివాళ్లు. వ్యాపారుల బిల్లులు గోనెసంచిలో వస్తాయి. సీజన్ అయ్యేసరికి నా కీబోర్డు మీద పసుపు మరకలు, గదంతా చింతపండు వాసన. ఈ నాలుగు రకాల లెక్కలూ ఒక్క మనిషి బుర్రలో నిలవడం కష్టం. అందుకే ఫోను.

మాస్టారికి ఒక అలవాటు ఉంది. సలహాను ఎప్పుడూ సెక్షన్ నంబరుతో చెప్పరు, సామెతలా చెబుతారు. "26ఏఎస్ (మన పేరున పట్టిన పన్నుల పట్టిక) చూడకుండా రిటర్న్ వేయడమంటే చేను చూడకుండా విత్తనాలు కొనడమే." "ఈ-వెరిఫై చేయని రిటర్న్, విందు భోజనాలన్నీ పెట్టి తాళి కట్టడం మరిచిన పెళ్లి." రిటర్న్ వేసిన 30 రోజుల్లోగా వెరిఫై చేయాలని ఎన్నిసార్లు చదివినా మరిచిపోయే కొత్త కుర్రాళ్లు, ఈ తాళి మాట ఒక్కసారి వింటే చాలు, మరిచిపోరు. పార్వతీపురం తమ్ముడిదీ అదే బాణీ. "ఓటీపీ కొత్తల్లుడు లాంటిదక్కా. రమ్మని పిలిచినప్పుడు రాడు. వచ్చేసరికి ఇంట్లో మనిషుండడు." ఫోను కొడుకు దగ్గర పెట్టి తాను మాత్రం వచ్చే పార్టీ ఉంటాడు చూడండి, ఆయన్ను చూసినప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చి, "కొడుకునీ వెంట తీసుకురండి" అని ముందు రోజే కబురు పెడతాను. ఆ నవ్వు నాకు ఒక పూట మిగులుస్తుంది. ఆ పార్టీకి ఒక బస్సు చార్జీ మిగులుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ మందిని కాపాడిన మాట మాత్రం ఈ వ్యాసం పేరు. ఏళ్ల తరబడి ఆగిపోయిన జీతం బకాయిలు ఒక్కసారిగా చేతికొస్తే ఆ ఏడాది ఆదాయం ఉబ్బుతుంది, పన్నూ ఉబ్బుతుంది. ఆ భారం తగ్గించడానికి 1961 నాటి ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ 89 ఉంది. అయితే ఆ ఊరట కావాలంటే ముందుగా ఫారం 10ఈ ఆన్‌లైన్‌లో వేయాలి, రిటర్న్ ఆ తర్వాతే. వరస తప్పితే ఊరట కొట్టేసి, బాకీ కట్టమని నోటీసు వస్తుంది. "ఎసరు ముందు, బియ్యం తర్వాత. టెన్-ఈ ముందు, రిటర్న్ తర్వాత" అని మాస్టారు అన్నప్పుడు మేమంతా నవ్వాం. ఇప్పుడది కాగితం మీద రాసి నా టేబుల్ ముందు అంటించి ఉంది. బకాయిలు వచ్చిన టీచరు ఎదురుగా కూర్చోగానే నా కన్ను దాని మీదకే పోతుంది.

పని వేళ పని, నవ్వు వేళ నవ్వు అనేవాళ్లతో అందుకే నేను ఏకీభవించను. మా పనిలో నవ్వు జ్ఞాపకం. రోజుకు పద్నాలుగు గంటలు అంకెలు చూసే మనిషికి నూట ముప్ఫయ్యో గంటలో ఏ నియమం గుర్తుంటుంది? నవ్వుతూ విన్నదే గుర్తుంటుంది.

ఇప్పుడు నవ్వు రాని సంగతి ఒకటి చెప్పాలి. జులైలో ఒక ఆదివాసీ టీచరు వచ్చారు. మినహాయింపులు సరిచూసుకోండి అంటూ శాఖ నుంచి ఆయనకు ఈమెయిల్ వచ్చింది. పాత రిటర్న్ తెరిచి చూస్తే 2022-23 జీతంలో పెద్ద భాగాన్ని సెక్షన్ 10(26) కింద మినహాయింపు ఆదాయంగా చూపి, 38,000 రూపాయల రీఫండ్ తెప్పించారు. వేసింది ఎవరో ఏజెంటు. వచ్చిన రీఫండ్‌లో పావు వంతు తీసుకున్నాడు. "గిరిజనులకు పన్ను లేదు, ఈ సంగతి ఎవరికీ తెలియదు, ఎవరితోనూ అనకండి" అన్నాడట.

10(26) నిజంగానే ఉంది. కానీ అది నాగాలాండ్, మణిపూర్, త్రిపుర, అరుణాచల్ ప్రదేశ్, మిజోరం, లద్దాఖ్, అస్సాం మేఘాలయల్లోని ఆరో షెడ్యూలు ప్రాంతాల్లో నివసించే షెడ్యూల్డ్ తెగల వాళ్లకు, అక్కడ వచ్చే ఆదాయానికి. మన కొరాపుట్, రాయగడ ఉన్నది ఐదో షెడ్యూలులో. పాడేరులో, ఉట్నూరులో పనిచేసే గిరిజన ఉద్యోగులకూ ఇదే లెక్క. షిల్లాంగ్‌లో ఖాసీ టీచరుకు లేని పన్ను కాశీపూర్‌లో ఝోడియా తెగ టీచరుకు ఎందుకుండాలి? ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. నేనూ అడుగుతాను. అయితే దానికి జవాబు పార్లమెంటు చెప్పాలి, దొంగ రిటర్న్ చెప్పకూడదు. దొంగ రిటర్న్ మీద సంతకం ఏజెంటుది కాదు, టీచరుది.

ఆ రాత్రి ఫోనులో పేరు చెప్పకుండా ఆ సంగతి పెట్టాను. దారి జయపురం మిత్రుడు చెప్పారు. ఇంకా నోటీసు దాకా రాలేదు గనుక అప్‌డేటెడ్ రిటర్న్ వేయొచ్చు. అసలు పన్ను, దానిపై వడ్డీ, ఆ రెండూ కలిపిన మొత్తం మీద మరో యాభై శాతం కట్టాలి. ఏడాది ముందే వచ్చి ఉంటే ఆ యాభై పాతికతో పోయేది. టీచరు కట్టారు. ఏజెంటుకు ఇచ్చిన పావు వంతు తిరిగి రాలేదు. డబ్బు లెక్కపెట్టి ఇస్తున్నప్పుడు ఆ మనిషి కళ్లలో కనిపించిన సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు. తప్పు ఒకడిది, తల వంపు ఇంకొకరిది.

ఇది ఒక్క కాశీపూర్ కథ కాదు. జులై 14న శాఖ దేశంలో 150 చోట్ల తనిఖీలు చేసింది, ఇలా దొంగ మినహాయింపులతో రీఫండ్లు తెప్పించే ముఠాల మీద. అంతకు ముందు నాలుగు నెలల్లోనే సుమారు 40,000 మంది తమ తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని, వాటి విలువ 1,045 కోట్లని ప్రకటించింది. అంతమందీ దొంగలని నేను అనుకోను. చాలామంది మా టీచరు లాంటివాళ్లే. చిట్కా ఉందని ఎవరో చెవిలో చెబితే నమ్మినవాళ్లు.

"ఎవరితోనూ అనకండి" అన్న ఆ మాట దగ్గరే నా ఆలోచన ఆగింది. ఈ వృత్తిలో మంచి సలహాను, మోసాన్ని వేరు చేయడానికి నాకు ఇంతకంటే సులువైన కొలబద్ద దొరకలేదు. పక్క ఊరి ప్రాక్టీషనర్‌కు ఫోను చేసి చెప్పగలిగితే అది సలహా. చెప్పడానికి నోరు రాకపోతే అది మోసమైనా కావాలి, తప్పయినా కావాలి. ఆ ఏజెంటు రోజూ రాత్రి పదింటికి మాలాంటి నలుగురికి తన లెక్క చెప్పాల్సి వచ్చి ఉంటే ఆ 10(26) ఆ రిటర్న్‌లోకి ఎక్కేదే కాదు. మాస్టారు మొదటి నిమిషంలోనే, "అమ్మాయ్, కాశీపూర్ ఎప్పుడు మేఘాలయకు జరిగింది?" అనేవారు.

మరి పోటీ సంగతేమిటి అని అడుగుతారు. ఆ పరీక్ష నాకూ ఎదురైంది. ఈ ఏడాది వేసవిలో బస్టాండుకు అటువైపు ఇంకో కుర్రాడు రిటర్నుల పని మొదలుపెట్టాడు. ఝోడియా కుటుంబం, కామర్స్ డిగ్రీ. నా పార్టీలు కొందరు అటు వెళ్లారు. మా తగవు ఎప్పుడూ మాట దాకా రాలేదు గానీ, ఎదురుపడితే తల పక్కకు తిప్పుకునేవాళ్లం.

సెప్టెంబరు 15 సాయంత్రం ఏడింటికి అతను నా గదిలోకి వచ్చాడు. చేతిలో ఒక చింతపండు వ్యాపారి కాగితాలు. "దీదీ, దీన్ని 44ఏడీ కింద సుగమ్ ఫారంలో వేసెయ్యొచ్చా?" అన్నాడు. చూశాను. ఆ పార్టీ సరుకు కొని అమ్మడం లేదు. పెద్ద వ్యాపారుల తరఫున కొనిపెట్టి కమీషన్ తీసుకుంటున్నాడు. కమీషన్ ఆదాయానికి 44ఏడీ వర్తించదు. ఎనిమిది శాతం, ఆరు శాతం లాభం లెక్క చూపి సుగమ్ ఫారంతో ముగించే వీల్లేదు, ఐటీఆర్-3 వేయాలి. బయట నా పార్టీలు ఐదుగురు కూర్చున్నారు. ఒక్క నిమిషం నా మనసు వెనకాడిందని దాచను. వెయ్యొచ్చు అని గానీ, నాకు తెలియదు అని గానీ అంటే చాలు, అతని దుకాణానికి మచ్చ పడుతుంది. కానీ నోటీసు వచ్చేది అతనికి కాదు, చింతపండు మూట మోసే మనిషికి. నలభై నిమిషాలు కూర్చుని ఫారం ఎలా నింపాలో చూపించాను. వెళ్లేటప్పుడు, "రాత్రి పదింటికి మేం మాట్లాడుకుంటాం, నువ్వూ రా" అన్నాను. ఆ రాత్రికి రాలేకపోయాడు, వాళ్ల గదిలోనూ అదే చక్రం. మర్నాడు రాత్రి నుంచి మేం ఐదుగురం.

అతను వచ్చాక నాకు తెలిసిన సంగతి ఒకటి ఉంది. అది చెప్పే ముందు ఆ నాలుగో రకం పార్టీల గురించి చెప్పాలి.

కాశీపూర్‌లో భూమి డబ్బు మామూలు డబ్బు కాదు. బాఫ్లిమాలి కొండ బాక్సైటు కోసం, ఫ్యాక్టరీ కోసం ఏళ్ల తరబడి పోరాటం జరిగిన నేల ఇది. 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. అలాంటి చోట భూమి ఇచ్చి తెచ్చుకున్న పైకాన్ని ముసలివాళ్లు పాస్‌బుక్కు రూపంలో గుడ్డలో చుట్టి దాచుకుంటారు. ఒక పెద్దాయన అలాగే విప్పి నా ముందు పెట్టారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఏడాది వడ్డీ 82,000 రావాలి, 16,400 తక్కువగా వచ్చింది. "నా డబ్బు ఎవరు తిన్నారు?" అన్నారు.

ఎవరూ తినలేదు. వడ్డీ మీద బ్యాంకు టీడీఎస్, అంటే ముందుగానే కోసే పన్ను, పట్టింది. మామూలుగా పది శాతం. ఆయన పాన్ ఆధార్‌తో లింకు కాక పనిచేయకుండా పోయింది గనుక ఇరవై శాతం. ఊళ్లో వ్యవసాయ భూమి పరిహారానికి పన్ను లేదన్నది నిజమే, ఆ పరిహారాన్ని డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే. అయినా ఆయన మొత్తం ఆదాయం పన్ను పడేంత కాదు. పట్టిన ప్రతి రూపాయీ తిరిగి రావాలి. రావాలంటే పాన్‌లో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉండాలి, వెయ్యి రూపాయలు కట్టి లింకు చేయాలి, బ్యాంకు ఖాతా పోర్టల్‌లో వాలిడేట్ కావాలి, రిటర్న్ వేయాలి. అంతకు ముందు రెండేళ్ల టీడీఎస్ కూడా అలాగే పడి ఉంది. "అప్‌డేటెడ్ రిటర్న్ ఇచ్చే చెయ్యే గానీ పుచ్చుకునే చెయ్యి కాదక్కా, దాంతో రీఫండ్ రాదు. 119(2)(బి) కింద ఆలస్యం మన్నించమని దరఖాస్తు పెట్టు, ఐదేళ్ల దాకా అడగొచ్చు" అని పార్వతీపురం తమ్ముడు చెప్పాడు. పెట్టాం. ఈ ఏడాది రీఫండ్ ఆగస్టు చివర్లో పడింది. పాతది రావాల్సి ఉంది.

ఇంత చేసినా ఒక్కటి నావల్ల కాలేదు. ఆయనలా పన్ను పడేంత ఆదాయం లేని, అరవై దాటినవాళ్లు ఏప్రిల్‌లోనే బ్యాంకులో ఫారం 15హెచ్ ఇస్తే ఆ పన్ను పట్టరు. ఈ మాట నేను ఆ పెద్దాయనకు నాకొచ్చిన ఒడియాలో మూడుసార్లు చెప్పాను. తల ఊపారు గానీ అర్థం కాలేదని నాకు తెలుస్తూనే ఉంది. సీజన్ అయ్యాక ఆయన మళ్లీ వచ్చినప్పుడు అటువైపు దుకాణం కుర్రాణ్ని పిలిచాను. అతను నేల మీద కూర్చుని ఆయన మాటలోనే చెప్పాడు. తర్వాత నాకు అర్థం విడమరిచాడు. "కళ్లంలో ధాన్యం కొలవక ముందే కుప్ప మీంచి తమ వాటా తీసేస్తున్నారు తాతా. ఈ కాగితం ఏం చెబుతుందంటే, ముందు కొలవండి, నాకు మిగిలేది కొంచెమే, కుప్ప మీద చెయ్యి వేయకండి అని." పెద్దాయన పక్కున నవ్వారు. గుడ్డ మూట మీద అరచేత్తో తట్టి, ఏ నెలలో ఇవ్వాలో తనే అడిగారు.

నాకు ఇన్నేళ్లలో తట్టని మాట అది. నలభై నిమిషాలు ఇచ్చి నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు. ఆ ఒక్క వాక్యం తెచ్చుకున్నాను.

రహస్యాలు బయటపడవా అని ఇంకొందరి భయం. ఆ జాగ్రత్త తప్పనిసరి. పేరు, ఊరు, పాన్ నంబరు మా ఫోనులో రాకూడదు. "ఒక టీచరు", "ఒక వ్యాపారి" అంతే. పాస్‌వర్డు ఎవరితోనూ పంచుకోం. ఇంకో నియమం మాస్టారు పెట్టింది. నవ్వు పోర్టల్ మీద ఉండొచ్చు, ఫారం మీద ఉండొచ్చు, పార్టీ మీద ఉండకూడదు. చాలా ఏళ్ల కిందట ఒకతను వేలిముద్ర వేసే పార్టీ గురించి ఏదో పరిహాసం ఆడాడు. మాస్టారు అక్కడే ఆపేశారు. "మనల్ని నమ్మి కాగితం చూపించాడు. ఆ కాగితం మీద నవ్వితే రేపు సగం కాగితాలు ఇంట్లో దాచుకుని వస్తాడు. అప్పుడు మన లెక్కే తప్పుతుంది" అన్నారు. మర్యాద అంటే అంతే, లెక్క సరిపోవడానికి కావలసిన మొదటి కాగితం.

ఇక శాఖకు మూడు విన్నపాలు.

మొదటిది. డబ్బు తీసుకుని రిటర్న్ వేసే ప్రతి మనిషీ అందులో తన పేరు రాయాలన్న నియమం పెట్టండి. ఇప్పుడు పార్టీ పాస్‌వర్డు, ఓటీపీ చేతిలో ఉంటే ఎవరైనా వేసేయొచ్చు, వేసినవాడి జాడే ఉండదు. అమెరికాలో డబ్బు తీసుకుని రిటర్న్ తయారుచేసేవాళ్లకు పీటిన్ అనే నంబరు తప్పనిసరి, రిటర్న్ మీద సంతకమూ పెట్టాలి. ఇక్కడా అలా ఉంటే మా టీచరు ఒక్కరే తల దించుకునేవారు కాదు.

రెండోది. పన్ను చెల్లింపుదారులకు సాయపడేందుకు యువ పట్టభద్రులకు శిక్షణ ఇచ్చి ట్యాక్స్ రిటర్న్ ప్రిపేరర్ పథకాన్ని 2006లో తెచ్చింది మీరే. ఆ ఆలోచన మంచిది. దాన్ని బ్లాకు స్థాయికి తీసుకురండి. అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు, వృద్ధులకు వాలంటీర్లు ఉచితంగా రిటర్న్ వేసిపెట్టే ఏర్పాటు యాభై ఏళ్లకు పైగా నడుస్తోంది. కాశీపూర్‌లో ఏప్రిల్‌లో ఒక వారం, జులైలో ఒక వారం శిబిరం పెడితే చాలు. ఏప్రిల్‌లో 15జి, 15హెచ్ ఫారాలు, పాన్ ఆధార్ సవరణలు. జులైలో రిటర్నులు. మా ఐదుగురం జీతం అడగకుండా వచ్చి కూర్చుంటాం.

మూడోది భాష. డిపాజిట్ తెరిచే రోజే టీడీఎస్ అంటే ఏమిటో బ్యాంకులో మనిషి నోటితో చెప్పాలి. ఒడియాలో, దేశియాలో, తెలుగుకు అక్కచెల్లెళ్లయిన కుయి, కువి భాషల్లో. కళ్లం, కుప్ప అన్న మాటలతో.

1961 నాటి చట్టం పోయి 2025 చట్టం అమల్లోకి వచ్చే రోజు 2026 ఏప్రిల్ 1. 536 సెక్షన్లు. ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాటలు పోయి ట్యాక్స్ ఇయర్ అన్న ఒక్క మాట వస్తుంది. మాస్టారికి నోటికి వచ్చిన నంబర్లన్నీ మారిపోతాయి. 89, 44ఏడీ, 10(26), అన్నీ. డెబ్బై దాటిన ఆయన, నిన్న మొన్న దుకాణం తెరిచిన కుర్రాడు ఆ రోజు ఒకే తరగతిలో కూర్చుంటారు. దాచుకోవడానికి ఎవరి దగ్గరా పాత తెలివి మిగలదు. ఈ దేశంలో ఏ చిన్న ఊళ్లో రిటర్నుల పని చేస్తున్నవాళ్లయినా, పార్వతీపురమైనా పాడేరైనా ఉట్నూరైనా, పక్క దుకాణం నంబరు ఫోనులో వేసుకోవడానికి ఇంతకంటే మంచి సమయం రాదు.

నిన్న రాత్రి పదింటికి ఫోను మోగింది. సీజన్ అయిపోయింది గనుక ఎవరికీ సందేహం లేదు. అయినా ఐదుగురం కలిశాం. మాస్టారు కళ్లం, కుప్ప మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నారు. కాగితం చప్పుడు వినిపించింది. ఏమిటి మాస్టారూ అని అడిగాను.

"రాసుకుంటున్నానమ్మాయ్. ఏప్రిల్‌లో నా పార్టీలకు చెప్పాలి."